సంకల్పం రాయి

మన జిల్లాలో సంకల్పాల కొరత పూర్తిగా తీరిపోయిన సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. తెలియకపోతే తప్పు మీదే. ఆ రోజుల్లో మీరు టెక్కలి బస్సు ఎక్కి ఉండరు. ఎక్కి ఉంటే కండక్టరు మెడలో నల్లరాయి, డ్రైవరు మెడలో కంకరరాయి, పక్కసీట్లో పెద్దమనిషి మెడలో కొబ్బరికాయంత సుద్దరాయి కళ్ళారా చూసి ఉండేవారు. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా బస్సులోని సంకల్పాలన్నీ ఒక్కసారిగా ముందుకు ఊగి, వెనక్కొచ్చి ఎవరి గుండెకి వారివి తగిలేవి. అబ్బా అని అందరూ ఏకకంఠంతో అనేవారు. ప్రజల్లో ఇంత ఐకమత్యం స్వరాజ్యం వచ్చినరోజున కూడా కనబడలేదని పెద్దవాళ్ళు చెప్పుకున్నారు.

ఈ మహత్కార్యానికి మూలపురుషుడు హెడ్డుగుమాస్తా వైకుంఠరావు. ఆయన పనిచేసే సముద్రతీర గ్రామోద్ధరణ ఉపకార్యాలయం టెక్కలికీ పలాసకీ మధ్య ఎక్కడో ఉందని మాత్రం చెబుతాను. ఊరి పేరు చెబితే ఆ ఊరివాళ్ళు, మా ఊళ్ళో లేదంటే లేదని నా మీదకి వస్తారు. రెండు గదుల పెంకుటిల్లు, ముందొక వరండా, వరండాలో ఒక కుంటి బెంచీ. ఆ బెంచీ మీద ప్రతి సోమవారం తవిటమ్మ కూర్చునేది.

తవిటమ్మది వజ్రపుకొత్తూరు అవతల ఇసకలపాలెం. ఊరి వెనక కొబ్బరితోటలు, జీడితోటలు, ముందు సముద్రం, కాళ్ళకింద ఇసక. ఎదురుగా అంత నీరు పెట్టుకుని, తాగే నీళ్ళకి ఆడవాళ్ళు కోసు దూరం నడవాలి. నుయ్యి తవ్వుకోలేక కాదు. మూడుసార్లు తవ్వేరు. పొద్దున్న తవ్వితే మధ్యాహ్నానికి తియ్యటి నీరు ఊరేది, సాయంత్రానికి నాలుగువైపుల నుంచీ ఇసక జారి పూడిపోయేది. మూడోసారి తవిటమ్మ పెనిమిటి నడుందాకా కూరుకుపోతే ఊరంతా చేతులు పట్టి లాగేరు. చుట్టూ రాయి కడితే తప్ప అక్కడ నుయ్యి నిలవదు. ఉద్దానమనే ఆ తీరసీమ ఇసకలో జల్లెడ పట్టి వెతికినా రాయి దొరకదు. టెక్కలి కొండల నుంచి బళ్ళమీద రావాలి. ఆ రాయి ఇప్పించమని అడగడానికి మూడేళ్ళ కిందట తవిటమ్మ మొదటిసారి ఆఫీసుకొచ్చింది.

"ఏం కావాలే?" అన్నాడు వైకుంఠరావు తలెత్తకుండా.

"రాయి బాబూ."

"నేనెందుకు రాస్తానూ? నువ్వే రాయి."

"అదే బాబూ, రాయే."

"ఏం రాయాలో చెప్పకుండా రాయి రాయి అంటావేమిటి?"

"నూతికి బాబూ."

"నూతికి రాయడమేమిటే, నీ మొహం! రాస్తే పై ఆఫీసుకి రాయాలి."

ఈ సంప్రదింపులు అరగంట జరిగేక, బంట్రోతు పోలారావు అడ్డుపడి, "బాబూ, ఆ యమ్మ అడుగుతున్నది కొండరాయండి. కలంతోటి రాసీది కాదండి" అని తర్జుమా చేసేడు. వైకుంఠరావు ఆవిడచేత అర్జీ మీద వేలిముద్ర వేయించుకుని, బల్లమీద ఎడమవైపు పెట్టేడు. ఆయన బల్లకి కుడివైపు పెట్టిన కాగితాలు కదులుతాయి, ఎడమవైపువి కదలవు. ఇది ఆఫీసులో అందరికీ తెలుసు, తవిటమ్మకి తప్ప.

అలా మూడేళ్ళు గడిచేక శతజయంతి సంవత్సరం వచ్చింది. మహాత్ముడు పుట్టి నూరేళ్ళయిన సందర్భంగా దేశంలో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెయ్యాలని పైనుంచి ఉత్తర్వులు కురుస్తున్న రోజులు. పైగా ఆఫీసు వ్యవహారాలన్నీ ఇకనుంచి తెలుగులో జరగాలని కొత్తగా చట్టం వచ్చింది. అనర్థమంతా అక్కడే ఉంది. పై ఉత్తర్వు ఎప్పటిలాగా ఇంగ్లీషులో వచ్చి ఉంటే ఎవరికీ అర్థమయ్యేది కాదు, నమస్కారం పెట్టి ఫైలులో పడుకోబెట్టేవారు. తెలుగులో రావడంవల్ల అర్థమైపోయింది.

ఒకనాడు మధ్యాహ్నం శ్రీకాకుళం నుంచి ట్రంకాలు వచ్చింది. చేసినవాడు పర్యవేక్షణాధికారి కామేశ్వరరావు. ఫోనులో ఒకటే గరగర. వైకుంఠరావు ఒక చెవిలో వేలు పెట్టుకుని, రెండో చెవికి ఫోను అదిమిపెట్టి, కలం పట్టుకున్నాడు.

"శతజయంతి ఉత్తర్వు చెబుతున్నాను. ప్రతి ఉద్యోగీ ఒక సంకల్పం... రాయి, రాయి... కాగితం మీద పెట్టి, ఎప్పుడూ కళ్ళకి కనబడేలా తగిలించుకోవాలి. ప్రజలచేత కూడా చేయించాలి. రాసుకున్నావా?"

"రాసుకున్నానండి."

రాసుకున్నది మళ్ళీ చదువుకున్నాడు. "ప్రతి ఉద్యోగి ఒక సంకల్పం రాయి, కాగితం మీద పెట్టి, ఎప్పుడూ కళ్ళకు కనబడునట్లు తగిలించుకొనవలెను." ఎక్కడా ఒక్క తప్పు లేదు. మూడుసార్లు చదివేడు, మూడుసార్లూ రాయే కనబడింది.

రెండో గుమాస్తా దానయ్య ముక్కుపొడుం పీల్చి, సందేహం లేవదీసేడు. "ఏమండీ, ఇది రాళ్ళ రాయంటారా, రాతల రాయంటారా?"

వైకుంఠరావు జాలిగా చూసేడు. "రాతల రాయైతే 'వ్రాయి' అని ఉంటుందయ్యా. కింద క్రారవడి ఉంటుంది. ప్రభుత్వం జీతమైనా ఆపుతుంది గానీ క్రారవడి వదులుతుందా?"

ఆ వాదనకి తిరుగు లేదు. దానయ్య తుమ్మేడు. ఆ తుమ్మునే ఆమోదం కింద తీసుకుని పథకం ప్రారంభించేరు.

కార్యాలయ సలహాసంఘం అధ్యక్షుడు నారాయణరావుగారు. ఆయనకి ఉద్దానంలో కొబ్బరితోటలూ జీడితోటలూ ఉన్నాయి, వాటితోపాటు అభిప్రాయాలు కూడా ఉన్నాయి. ప్రారంభసభలో ఆయన గంటా పావు మాట్లాడేరు. "సోదరులారా! మన పూర్వులు సంకల్పం చెప్పుకుని ఏం చేసేవారు? నీళ్ళు వదిలేవారు! అందుకే మన సంకల్పాలన్నిటికీ నీళ్ళు వదిలేసుకున్నాం. నీళ్ళు కారిపోతాయి సోదరులారా, రాయి కారిపోతుందా? చెక్కిన రాయి వద్దు, సానపట్టిన రాయి వద్దు. భూమాత కడుపులో ఎలా పుట్టిందో అలాగే పచ్చిరాయి మెడలో వేసుకుందాం! దాన్ని చూసినప్పుడల్లా మన సంకల్పం మనకి గుర్తురావాలి! పావుకిలోకి తక్కువ ఉండకూడదు. ఎక్కువ ఎంతైనా ఉండవచ్చు. సంకల్పానికి హద్దేమిటి సోదరులారా!" సభ చప్పట్లు కొట్టింది. వైకుంఠరావు ఆ చివరి మాటలు కూడా నిబంధనల్లో చేర్చేసేడు. రాళ్ళు ఉచితం, తలకొకటి, బళ్ళమీద ఇంటికి చేరవెయ్యడం కార్యాలయం బాధ్యత.

రాళ్ళలో అంతస్తులు కూడా ఏర్పాటయ్యేయి. గెజిటెడ్ అధికారులకి తెల్లటి పలుగురాయి. గుమాస్తాలకి టెక్కలి నల్లరాయి. బంట్రోతులకి రోడ్డు వెయ్యగా మిగిలిన కంకర. నారాయణరావుగారు మాత్రం తళతళలాడే కాకిబంగారం ముక్క ఎంచుకున్నారు. అబద్ధం ఆడనని ఆయన సంకల్పం. ఉపన్యాసం ఇచ్చేముందు మెడ నొప్పని ఆ రాయి తీసి పోలారావు చేతికి ఇచ్చేవారు. ఉపన్యాసం అయ్యేక మళ్ళీ వేసుకునేవారు.

దానయ్య పొడుం మానేస్తానని సంకల్పించేడు. ఇదివరకు రోజుకి నాలుగుసార్లు పీల్చేవాడు. ఇప్పుడు రాయి చూసుకున్నప్పుడల్లా పొడుం మానాలన్న సంగతి గుర్తొచ్చేది. పొడుం మాట గుర్తొస్తే మరి పొడుం కావాలనిపించదూ? రోజుకి నలభైసార్లకి వచ్చేడు. చివరికి ఆ రాతిలోనే చిన్న గుంట తొలిపించి పొడుం అందులోనే పోసుకున్నాడు. దీంతో సంకల్పమూ పొడుమూ ఒకచోటే ఉండి పనికి అంతరాయం తగ్గిందని వైకుంఠరావు నెలవారీ నివేదికలో మెచ్చుకున్నాడు.

పూండి స్టేషను దగ్గర ఎండుచేపలమ్మే ఆడవాళ్ళు తూకానికి ఈ రాళ్ళే వాడడం మొదలుపెట్టేరు. "అమ్మా, మేష్టారి సంకల్పానికి ఎన్ని కవళ్ళ సేపలేత్తావు?" అని బేరాలు జరిగేవి. ఎవరి సంకల్పం ఎంత తేలికో సంతలో అందరికీ తెలిసిపోయేది. బరువుకి అందరి మెడలూ కిందకి వంగిపోయేయి. వంగిన తలలు చూసి, ప్రజల్లో వినయం పెరిగిందని మరొక నివేదిక వెళ్ళింది.

వైకుంఠరావు ఇంట్లో కూడా అమలు పరిచేడు. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళకి భర్త కాగితంలో ఏదో చుట్టి తెచ్చి, "మెడలో వేసుకో హైమా" అంటే, హైమవతి ముఖం ఇంతయింది. విప్పి చూసింది. రాయి. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది. ఎటు చూసినా రాయే.

"ఏమిటండీ ఇది?"

"సంకల్పం. ఏదైనా ఒక మంచి సంకల్పం చేసుకుని వేసుకో."

"చేసుకున్నాను లెండి ఇప్పుడే" అని ఆవిడ దాన్ని పచ్చడి బండకింద ఎగుడుదిగుడు లేకుండా ఆనించింది. ఆ సంకల్పమేమిటో ఆవిడ చెప్పలేదు, అడిగే ధైర్యం ఆయన చెయ్యలేదు.

ఇక ఆయన సొంత సంకల్పం అన్నిటికంటే గొప్పది. "నా బల్లమీద ఏ కాగితమూ ఆగిపోనివ్వను." ఇందుకోసం కిలోన్నర నల్లరాయి ఎంచుకున్నాడు. ఉత్తర్వులో "కాగితం మీద పెట్టి" అని ఉంది గనక, రోజూ ఆఫీసుకి రాగానే మెడలోంచి రాయి తీసి ఒక కాగితం మీద కాసేపు పెట్టాలి, ఆ తర్వాతే తగిలించుకోవాలి. ఏ కాగితం మీద పెట్టాలో ఉత్తర్వులో లేదు. ఎడమవైపు తవిటమ్మ అర్జీ ఖాళీగా ఉంది కదాని దానిమీద పెట్టేవాడు. కిలోన్నర రాయి ఒకసారి దించేక మళ్ళీ ఎత్తి మెడకి తగిలించుకోవాలని ఎవరికి మాత్రం అనిపిస్తుంది? సాయంత్రం దాకా అక్కడే ఉండేది.

సోమవారం తవిటమ్మ వచ్చి అడిగేది. "నా కాయితం ఏటయింది బాబూ?"

"ఇదిగో, నా సంకల్పం కిందే భద్రంగా ఉంది."

"మరి రాయి ఎప్పుడొత్తాది బాబూ?"

"మీద రాయి కనబడ్డం లేదటే? ఇంకా ఏం రాయి?"

ఆవిడ ఆ రాయి వంక చూసి, ఇలాటి నల్లరాళ్ళే పెద్దవి నూటయాభై ఉంటే చాలును కదా అనుకుంటూ వెళ్ళిపోయేది.

ఇంతలో కామేశ్వరరావుగారి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. మీ నివేదికలు తృప్తికరంగా ఉన్నాయి, వచ్చే నెల పదో తేదీన స్వయంగా వస్తున్నాను, ఊరు ఊరంతా సంకల్పం పూనిన ఆదర్శగ్రామం ఒకటి తీరంలో చూపించాలి, చూపిస్తే మీ సూపరింటెండెంటు ఉద్యోగం సంగతి ఆలోచిస్తాను, చూపించకపోతే మన్యంలో ఖాళీ ఒకటుంది. వైకుంఠరావు ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాడు. మన్యంలో చలిజ్వరం ఉంటుందని ఆయన విన్నాడు. ఉద్దానం ఊళ్ళన్నీ కాళ్ళరిగేలా తిరిగేడు. జీడితోటల్లో వాళ్ళు, వంగి జీడిపిక్కలేరుకునేవాళ్ళం, మెడలో రాయేటండీ అన్నారు. పల్లెకారులైతే దెబ్బలాటకే వచ్చేరు. "మెడకి రాయి కట్టుకుని సముద్రంలోకెళ్ళమంటావేటి? మావేటి సేసేం నీకు?" అన్నారు.

ఆ సోమవారం బల్లదగ్గర తల పట్టుకు కూర్చున్నాడు. తవిటమ్మ ఆయన్నీ, రాతినీ, మార్చి మార్చి చూసింది.

"ఏటి బాబూ, అలాగున్నారు?"

మామూలుగా అయితే చెప్పి ఉండడు. ఆ రోజు చెప్పుకున్నాడు. ఆవిడ కొంగుతో నోరు తుడుచుకుని, నెమ్మదిగా అడిగింది. "మా ఊరు ఊరంతా కట్టుకుంటే సాల్తాదా?"

వైకుంఠరావు కుర్చీలోంచి లేచిపోయేడు. "ఊరంతానే?"

"సంకబిడ్డ కాడనించీ. రాయెంతుండొచ్చు బాబూ?"

"పావుకిలోకి తక్కువ ఉండకూడదు. ఎక్కువ ఎంతైనా ఉండవచ్చు. సంకల్పానికి హద్దు లేదు."

"మా సంకల్పం పెద్దది బాబూ. మూడేళ్ళనించి ఉన్నాది. ఇద్దరు మొయ్యాల. మెడకే కట్టాలని కాయితంలో ఉన్నాదా?"

కాగితం తీసి చూసేడు. కళ్ళకి కనబడేలా తగిలించుకోవాలని ఉంది. మెడ మాట ఎక్కడా లేదు. మెడ తామే తగిలించుకున్నారు. "లేదు" అన్నాడు. తవిటమ్మ మొదటిసారి ఆ ఆఫీసులో నవ్వింది. ఆ నవ్వు ఆయనకి అర్థం కాలేదు. పదో తేదీ ఒక్కటే అర్థమవుతున్న స్థితిలో ఉన్నాడు పాపం.

మర్నాటికి ఇసకలపాలెం నుంచి నూటనలభైరెండు దరఖాస్తులు వచ్చేయి. సంకల్పము అన్న గడిలో అందరిదీ ఒకటే మాట, మంచినీళ్ళు. రాతి పరిమాణము అన్న గడిలో, మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, జానెడు మందం. మూడేళ్ళలో నుయ్యి అర్జీ మీద ఒక్క సంతకం పడలేదు. సంకల్పాల మీద ఆ సాయంత్రానికే నూటనలభైరెండు సంతకాలు పడ్డాయి. వైకుంఠరావు వేలు వాచిపోయింది. నాలుగో రోజున టెక్కలి నుంచి ఎడ్లబళ్ళు బారులు తీరి కదిలేయి. వెళ్ళేముందు తవిటమ్మ ఒక్కటి అడిగింది.

"కాయితం మీద ఎట్టి మరీ తగిలించుకోవాలన్నారు కదా. నా పాత అర్జీ ఇచ్చీండి బాబూ. మాకు ఏరే కాయితం లేదు."

ఇప్పుడు దానితో పనేముంది, ఇచ్చేసేడు.

పదో తేదీన కామేశ్వరరావుగారు జీపులో దిగేరు. వరండాలో వంగిన మెడలతో వరసగా నిలబడ్డ సిబ్బందిని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమిటయ్యా ఈ వేషాలు? మీరు రాసిన సంకల్పాలేవీ?"

"ఇవేనండి, సంకల్పం రాళ్ళు. తమ ఉత్తర్వు ప్రకారమే" అని వైకుంఠరావు కాగితం చూపించేడు.

కామేశ్వరరావుగారు చదివేరు. ముఖం ఎర్రబడింది. "ఓరి నీ! రాయి అన్నది నిన్ను రాసుకోమనయ్యా! ఒక్కొక్కడూ ఒక సంకల్పం కాగితం మీద రాసి గోడకి తగిలించుకోవాలని ఉత్తర్వు!"

వైకుంఠరావుకి మన్యం కళ్ళముందు కనబడింది. "క్రారవడి..." అని ఏదో గొణిగేడు.

కామేశ్వరరావుగారు ఇంకా తిట్టబోయి టక్కున ఆగిపోయేరు. ఆయనకొక సంగతి గుర్తొచ్చింది. ఆరునెలలుగా ఈ ఆఫీసు నివేదికలు చదవకుండా సంతకాలు పెట్టి హైదరాబాదు పంపుతున్నది తానే. హైదరాబాదులో చదవకుండా మెచ్చుకున్నారు. తీరంలో సంకల్పాల బరువు నెలనెలా పెరుగుతున్నందుకు అభినందిస్తూ తనకి వచ్చిన ఉత్తరం ఇంట్లో పటం కట్టించి ఉంది. గొంతు తగ్గించి అడిగేరు. "నా హోదాకి ఏ రాయి?"

"పలుగురాయండి. సిద్ధంగా ఉంచేం."

"తగిలించు."

జీపు ఇసకలో మూడుచోట్ల దిగబడి, చివరికి ఇసకలపాలెం చేరింది. పోలారావుతో సహా అందరి మెడల్లోనూ రాళ్ళు వేలాడుతున్నాయి. ఎదురొచ్చిన ఊరివాళ్ళ మెడలు మాత్రం బోసిగా ఉన్నాయి. తలలు నిటారుగా ఉన్నాయి. వినయం ఎక్కడా కనబడలేదు.

"మీ రాళ్ళేవి?" అన్నారు కామేశ్వరరావుగారు.

"రండి బాబూ" అని తవిటమ్మ ముందు నడిచింది.

కొబ్బరితోట పక్కన కొత్త నుయ్యి. అడుగునుంచి గట్టుదాకా చుట్టూ టెక్కలి నల్లరాయి. చెక్కలేదు, సానపట్టలేదు, భూమాత కడుపులో పుట్టినట్టే ఉంది. ఇసక ఎక్కడిదక్కడే ఆగిపోయింది. కింద నీళ్ళు చల్లగా మెరుస్తున్నాయి. నలుగురు ఆడవాళ్ళు నాలుగు వైపుల నుంచీ చేదలు వేస్తున్నారు.

"అడుగున నా అర్జీ ఎట్టి, దానిమీద మొదటి రాయి ఏసినాం బాబూ, మీ సట్టం పెకారం" అంది తవిటమ్మ. "పొద్దుకి నాలుగుసార్లు వొంగి సూత్తన్నాం. కళ్ళకి బాగా కనబడతన్నాయి."

చేద పైకి లాగి, ముందు పెద్ద అధికారికి పోసింది. ఆయన కొంచెం తాగి, మిగతాదానితో కాళ్ళు కడుక్కున్నారు. తర్వాత వైకుంఠరావు దోసిలి పట్టేడు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఎండలో పడి వచ్చిన మనిషి, గటగటా తాగేడు. తాగుతూంటే మెడలో రాయి ముందుకొచ్చి చేద అంచుకి టంగుమని తగిలింది. తవిటమ్మ దాన్ని చూసింది. మూడేళ్ళు తన కాగితం మీద కూర్చున్నవాడి సంకల్పం అది.

"మీకు రాయి కావాల బాబూ, మరిసిపోతారు కాబట్టి" అంది. కోపంగా అనలేదు. "నీళ్ళు లేనోళ్ళకి గురుతెందుకు? పొద్దున్న లెగిత్తే గొంతుకే గురుతు సేత్తాది."

వైకుంఠరావుకి సిగ్గేసింది. ఉద్యోగంలో చేరిన ఇరవైరెండేళ్ళలో ఎప్పుడూ వెయ్యలేదు గనక, మొదట అది అజీర్తి అనుకున్నాడు. కాదు, సిగ్గే.

కామేశ్వరరావుగారికి మాత్రం మండిపోతోంది. "సంకల్పం అంటే మనిషిమీద ఉండాలి గానీ నూతిలో ఉంటే ఎలా? రేపు మంత్రిగారు వస్తే ఏం చూపిస్తాం?"

"నీళ్ళు సూపించండి బాబూ."

"నీళ్ళా? మంత్రిగారు నీళ్ళు చూడలేదనుకున్నావా?" అని విసవిసా జీపెక్కేరు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఈసారి ఫోనులో కాదు, రిజిస్టరు పోస్టులో, అన్ని క్రారవళ్ళతోనూ వచ్చింది. ఇసకలపాలెం గ్రామస్థులు తమ సంకల్పమును నెరవేర్చుకొనియున్నందున, వారికి ప్రస్తుతము సంకల్పమేదియు మిగిలియుండలేదని తేలినది. నెరవేరని సంకల్పము గలవారే ఈ పథకమునకు అర్హులు. కావున ఆదర్శగ్రామ హోదా రద్దు చేయడమైనది. దుర్వినియోగమైన రాళ్ళు నూటనలభైరెండును నూతినుండి ఊడదీయించి, కార్యాలయమునకు చేర్చవలెను. హెడ్డుగుమాస్తా ఈ కాగితముపై తక్షణమే చర్య గైకొనవలెను.

వైకుంఠరావు చదివేడు. గుత్తేదారుకి ఒక్క ముక్క రాసి పంపితే చాలు, రెండు రోజుల్లో రాళ్ళు ఊడి వస్తాయి, మూడో రోజుకి ఇసక జారుతుంది. ఎదురుగా గోడమీద, పదో తేదీ తర్వాత అందరూ చూసేలా రాయించిన ఆయన సంకల్పం బొగ్గు అక్షరాల్లో ఉంది. నా బల్లమీద ఏ కాగితమూ ఆగిపోనివ్వను. దానయ్య పొడుం పీలుస్తూ గమనిస్తున్నాడు. కుడివైపు పెడతాడా, ఎడమవైపు పెడతాడా?

వైకుంఠరావు ఉత్తర్వుని జాగ్రత్తగా మడత విప్పి, బల్లమీద ఎడమవైపు పరిచేడు. మెడలోంచి కిలోన్నర రాయి తీసేడు. రెండు చేతులతో ఎత్తి దానిమీద పెట్టేడు. గాలికి అంచు కూడా లేవకుండా సర్దేడు. తన ఉద్యోగ జీవితంలో అంత మనసుపెట్టి చేసిన పని ఇంకొకటి లేదు.

సూపరింటెండెంటు ఉద్యోగం రాలేదు. మన్యానికి బదిలీ చెయ్యమని కామేశ్వరరావుగారు రాసేరట. ఆ కాగితం శ్రీకాకుళంలో ఎవరి బల్లమీదో ఎడమవైపు ఉండిపోయింది.

తవిటమ్మ ఇప్పటికీ సోమవారం వస్తూనే ఉంది. కుంటి బెంచీ మీద కూర్చోదు. తిన్నగా లోపలికొచ్చి, ఒక చెంబుతో నీళ్ళు బల్లమీద పెట్టి అడుగుతుంది.

"కాయితం కదల్లేదు కదా బాబూ?"

"కదల్లేదే తవిటమ్మా."

"సల్లగుండు బాబూ."

కనుక పాఠకులకు ఒక మనవి. ఏ ఆఫీసులోనైనా ఎడమవైపు కాగితం మీద బండరాయి కనిపిస్తే విసుక్కోకండి, ఎత్తి చూడకండి. దాని కింద ఏ ఊరి నుయ్యి బతుకుతోందో మీకేం తెలుసు? ఒకవేళ అది మీ కాగితమే అయితే, మీరు కూడా ఒక సోమవారం బస్సెక్కి వచ్చి కూర్చోండి. వరండాలో బెంచీ ఖాళీగానే ఉంది.